మార్గరెట్ అను ముత్యము: ఒక స్త్రీనామము యొక్క పుట్టుపూర్వోత్తరములు



ఈ ఉరవకొండ పట్టణమున తరతరముల బాలబాలికలకు ఆంగ్లభాషను, దానితోపాటు సర్వభాషలయందును గౌరవమును నేర్పిన మన అయ్యవారి సంస్మరణార్థము ఏటేట జరుగు ఈ ఉపన్యాసమును ఈ సంవత్సరము నన్ను చేయుమని నిర్వాహకులు ఆదేశించినప్పుడు, ఆ గౌరవమునకు సంతోషించుటకంటె ముందుగా దాని బరువును తలచుకొని కొంత తడవు వెనుకాడితిని. తమ పేర ఏదియు నిలుపవలదని వారు జీవితకాలమున కోరియున్నందున, శిష్యులందరు ఆ కోరికను మన్నించి, దీనిని 'అయ్యవారి ఉపన్యాసము' అనియే పిలుచుచు వచ్చిరి. నేనును ఆ మర్యాదను అతిక్రమింపను. అయితే తన పేరును ఇంతగా మరుగుపరచుకొన్న ఆ మహనీయుడు ఇతరుల పేర్లయందు చూపిన శ్రద్ధ అపారము. తరగతిలో చేరిన మొదటి వారమున ప్రతి విద్యార్థియు ఇంటికి పోయి, తన పేరును ఎవరు పెట్టిరో, ఎందుకు పెట్టిరో తల్లినో అవ్వనో అడిగి తెలిసికొని, తన చేతివ్రాతతో నాలుగు పంక్తులు వ్రాసికొని రావలెనని వారి నియమము. వారికి నివాళిగా నేడొక పేరును గూర్చియే మాటలాడుట సముచితమని తలంచితిని.

ఆ పేరు మార్గరెట్. ఆంగ్లదేశమున నేడు వృద్ధురాండ్రయందు మాత్రమే వినవచ్చు ఈ పాతకాలపు పేరునకును, వాన కొరకు ఆకాశమును చూచు ఈ మెట్టసీమకును ఏమి చుట్టరికమని మీలో కొందరు అనుకొనవచ్చును. నేను నిరూపింప బూనినది ఆ చుట్టరికమునే. మనము పరాయిదని భావించు ఈ పేరు ఏ వస్తువునకు పెట్టినదో ఆ వస్తువు మన సముద్రమునుండి పోయినది. పోయినచోట అది ఆడబిడ్డల ప్రాణమునకు రక్షగా నిలిచినది. తిరిగి మన సీమకు వచ్చినప్పుడు మన స్త్రీల మేలునకే పాటుపడినది. ఇదియే నా ప్రతిపాదన. తక్కినదంతయు దీనికి ఉపపత్తి.

పేరు యొక్క శక్తిని ఉరవకొండవారికి వేరుగ చెప్ప పనిలేదు. ఊరి మీదికి పడగ విప్పి నిలిచినట్లున్న ఆ కొండను చూచియే పూర్వులు దీనిని ఉరగకొండ యనిరనియు, ఉరగము కాలక్రమమున ఉరవగా మారెననియు మనము చిన్ననాటినుండి వినుచున్నాము. సంస్కృతమునుండి వచ్చిన ఉరగము, అచ్చతెలుగైన కొండ, రెండును కలిసి ఒక్క ఊరి పేరైన తరువాత, అందులో ఏది మనది, ఏది వచ్చి చేరినది యని సంతలో కూరగాయలమ్ము అవ్వను అడిగినచో ఆ ప్రశ్నయే ఆమెకు వింతగా తోచును. ఊరి మాట అట్లుండగా, సీమ మాట ఇంకను గంభీరమైనది. 1800 సంవత్సరమున నిజాము ఈ ప్రాంతమును కుంఫిణీవారికి ధారాదత్తము చేసినది మొదలు, నూట ఇరువదియెనిమిది సంవత్సరములు మనము 'దత్తమండలము'వారమని పిలువబడితిమి. అనగా ఒకరు మరియొకరికి ఇచ్చివేసిన వారమని ప్రతి దస్త్రమునందును, ప్రతి పటమునందును చదువుకొంటిమి. 1928లో నంద్యాలయందు జరిగిన ఆంధ్ర మహాసభలో, అనంతపురము కళాశాలలో అధ్యాపకులును, తరువాత 'ఆంధ్రభాషా చరిత్రము' రచించిన భాషాశాస్త్రవేత్తయునైన చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' యను పేరును ప్రతిపాదించినప్పుడు ఒక్క చినుకైన అధికముగ పడలేదు, ఒక్క చెరువైన నిండలేదు. అయినను ఈ జనులు తమ్ము తాము తలచుకొను తీరు మారినది. భాషాశాస్త్రము చదివిన పండితుడే ఆ పేరును సూచించుట యాదృచ్ఛికమని నేను అనుకొనను.

ఇక ప్రస్తుతమునకు వత్తము. ఇంగ్లండు, వేల్సు దేశములలో ఆడశిశువులకు పెట్టిన పేర్ల పట్టికలను పరిశీలించిన, 1924లోను, 1934లోను, 1944లోను ప్రథమస్థానమున నిలిచినది మార్గరెట్. అనంతరకాలమున ఆ దేశమునకు ప్రధానమంత్రిణియైన మార్గరెట్ థాచర్ 1925లోను, రాజకుమారి మార్గరెట్ 1930లోను జన్మించిరి. రాజకుటుంబమునందు మొదలుకొని కిరాణా అంగడివాని ఇంటి వరకు ఒకే పేరు అంతగా వ్యాపించియుండెనన్నమాట. 1954 నాటికి సూసన్ ముందునకు వచ్చినది. అటుపైన మార్గరెట్ క్రమముగ వెనుకబడి, నేటి పసిబిడ్డలకు అమ్మమ్మల పేరుగా, నాయనమ్మల పేరుగా మిగిలినది. మ్యాగీ, మెగ్, పెగ్గీ, మ్యాడ్జ్, రీటా, గ్రెటా, మార్గో మున్నగు ముద్దుపేర్లన్నియు దీని సంతానమే. డెయిసీ కూడ దీని ముద్దుపేరగుటకు కారణము, ఫ్రెంచి భాషలో మార్గెరీత్ అను మాట ముత్యమునకు మునుపు వాడుకలోనుండి, పిదప తెల్లని రేకుల చిన్న పువ్వునకును చెల్లుటయే. ఆంగ్లులకు ఇంతటి ఆత్మీయమైన ఈ నామమున ఆంగ్లధాతువు ఒక్కటియు లేదు. వారికి ఫ్రెంచివారినుండి, ఫ్రెంచివారికి లాటినునుండి, లాటినునకు గ్రీకునుండి వచ్చినది. లాటినున మార్గరీత, గ్రీకున మార్గరీతేస్. రెండింటికిని అర్థము ముత్యము. ప్రాచీనాంగ్లులు ఈ మాటను మొదట విన్నప్పుడు దానిని తమ నోటికి అనువుగ మలచుకొని, 'సముద్రపు రేణువు' అను అర్థము వచ్చునట్లు 'మెరెగ్రోత' యనిరి. తెలియని మాటలో తెలిసిన అర్థమును వెదకుకొను ఈ స్వభావము సర్వజాతులకును సమానము.

గ్రీకులకు ఈ మాట ఎచ్చటిది? అలెగ్జాండరు కాలపు విద్వాంసుడు థియోఫ్రాస్టస్ శిలలను గూర్చిన తన గ్రంథమున, మార్గరీతేస్ అను రత్నము భారతదేశమునందును, ఎర్రసముద్రపు కొన్ని దీవులయందును లభించునని వ్రాసినాడు. అంతకంటె విశేషమైనది మెగస్తనీసు చెప్పగా గ్రీకు చరిత్రకారుడు అరియను తన 'ఇండికా'లో నిలిపిన కథ. హెరాక్లీసు భూమిని, సముద్రమును సంచరించి, దుష్టులను నిర్మూలించి, చివరకు సముద్రమున స్త్రీలకు తగిన ఒక నూతనాభరణమును కనుగొన్నాడట, అది ముత్యము. దాని సౌందర్యమునకు ముగ్ధుడై, సముద్రమంతటినుండి ముత్యములను సేకరించి భారతదేశమునకు తెప్పించినది తన కుమార్తెకు అలంకరించుటకట. ఆమె పేరు పాండేయ. ఆమె పేరనే ఒక దేశము వెలసెనని అరియను వ్రాసినాడు. ఇందు మన పాండ్యుల ఛాయను చూడని చదువరి ఉండడు. ఈ సందర్భముననే అతడు సముద్రమున పుట్టు ఈ మార్గరీతమును భారతీయులు తమ భాషలో అట్లే పిలుతురనియు, వారియందు దానికి తూకమునకు మూడింతల మేలిమి బంగారము వెలయనియు చెప్పినాడు. కథను కథగానే గ్రహింతము. అయినను గ్రీకులు తమ నోట నున్న ఈ మాటను తమదని చెప్పుకొనక, భారతీయులదని ఒప్పుకొనుట గమనింపదగినది. మఱియు ఈ పేరునకు మనకు లభించు తొలి కథయందే ఒక తండ్రియు, అతని కుమార్తెయు ఉండుట నా హృదయమును మిక్కిలిగ తాకినది.

ఆధునిక భాషాశాస్త్రవేత్తలు గ్రీకు పదమునకు మూలము ప్రాచ్యమనుటలో ఏకాభిప్రాయులే. మధ్యపారశీకమున మర్వారీత్, నేటి పారశీకమున మర్వారీద్ అను రూపములు దానికి సన్నిహితములు. సంస్కృతమున పూలగుత్తికి చెల్లు మంజరీ శబ్దమునకు ముత్యమను అర్థమును కూడ నిఘంటువులు పేర్కొనుటను బట్టి, ఆ శబ్దముతో దీనికి సంబంధము కల్పించినవారును కలరు. నా మట్టుకు నాకు పారశీక మార్గమే నమ్మదగినదిగా తోచుచున్నది. మంజరితోడి బంధుత్వము ఎంత మనోహరమైనను, దాని మీద భవనము కట్టుటకు నేను సాహసింపను. స్వదేశాభిమానము ప్రమాణమునకు బదులుగా నిలువరాదని అయ్యవారే మాకు నేర్పిరి. పదము ఇరానుదైనను, వస్తువు మనది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ముత్యములను వర్గీకరించుచు మొదట పేర్కొన్నవి తామ్రపర్ణికము, పాండ్యకవాటకము. అనగా పాండ్యతీరపు ముత్యములు. మన్నారు సింధుశాఖయందు మునిగి ముత్యపుచిప్పలను తెచ్చు జాలరుల శ్రమ మీద కొర్కై రేవు వర్ధిల్లినది. భారత, చీన, అరేబియా దేశములు ఏటేట పదికోట్ల సెస్టర్సుల రోమను ధనమును హరించుచున్నవని క్రీస్తుశకము తొలి శతాబ్దమున రోమను రచయిత ప్లినీ వాపోయినప్పుడు, ముత్యమే ఆ వ్యయమునందలి ముఖ్యభాగములలో నొకటి. మన నోట నున్న ముత్యము మాట మౌక్తికమునుండి వచ్చినదని మన వ్యాకర్తలు చెప్పుదురు. ముత్తు అను ద్రావిడపదమే సంస్కృతమున ముక్తగా సంస్కారము పొందెనని బరో వంటి పండితుల అభిప్రాయము. ఎటు చూచినను, ముత్యము దక్షిణసముద్రపు బిడ్డ.

ముత్యము ఎట్లు పుట్టునను విషయమున ప్రాచ్యపాశ్చాత్యుల విశ్వాసములు ఆశ్చర్యకరముగ కలియును. ఆల్చిప్పలు సముద్రతలమునకు వచ్చి నోరు విప్పి ఆకాశమునుండి రాలు మంచుబిందువును స్వీకరించి ముత్యముగ పండించునని ప్లినీ వ్రాసినాడు. స్వాతి కార్తెలో పడిన వానచినుకు ముత్యపుచిప్పలో చేరినచో ముత్యమగునని మనవారి నమ్మకము. భర్తృహరి సుభాషితము ద్వారమునను, ఏనుగు లక్ష్మణకవి తెలుగుసేత ద్వారమునను ఆ భావము బడిపిల్లలకు కూడ కంఠస్థమే. ఈ విశ్వాసమును సముద్రతీరవాసికంటె ఉరవకొండ రైతు లోతుగ గ్రహింపగలడు. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు ఈ జిల్లాలో, నల్లరేగడిలో పప్పుశనగ విత్తి, అక్టోబరు చివరను స్వాతి కార్తె చినుకునకై కాచుకొని కూర్చున్నవానికి, సరియైన వేళ సరియైన చోట పడిన ఒక్క చినుకు విలువ యేమో ఏ కవియు చెప్పనక్కరలేదు. వజ్రకరూరు పొలములలో తొలకరి వాన వెలిసిన మరునాడు కుటుంబములకు కుటుంబములు తలలు వంచుకొని, తడిసిన మట్టిలో మెరయు రాయిని వెదకుచు నడుచుట మీరందరు ఎరిగినదే. రత్నము వానతో వచ్చునను ఊహ ఈ నేలకు పుస్తకమునుండి దిగినది కాదు.

ముత్యము స్త్రీకి పేరైన క్రమము ఇక చెప్పవలసియున్నది. క్రైస్తవసంప్రదాయమున అంతియొకయ పట్టణపు కన్యక మార్గరెట్ తన విశ్వాసమును విడువనందున చెఱసాల పాలైనదనియు, అచ్చట ఒక మహాసర్పము ఆమెను మ్రింగగా, చేతనున్న సిలువ మహిమచే దాని కడుపును చీల్చుకొని అక్షతయై వెలువడినదనియు, పిదప శిరచ్ఛేదము పొందినదనియు కథ కలదు. చారిత్రకముగ ఆమె యుండెనా యను సందేహముచే 1969లో రోమను కతోలిక సంఘము తన సార్వత్రిక పంచాంగమునుండి ఆమె పండుగను తొలగించినది. చరిత్రకారునికి అది సరియే. కాని మధ్యయుగములందు యూరపు స్త్రీలకు ఆమె ఎంత సత్యమో దేవాలయములే సాక్ష్యము. ఇంగ్లండునందే రెండువందలకు పైగా చర్చీలు ఆమె పేర వెలసినవి. ఇంతటి ఆదరణకు కారణమేమి? సర్పోదరమునుండి క్షేమముగ వెలువడిన ఆ కన్యక, మరణసమయమున, ప్రసవవేదనలో తన్ను తలచిన తల్లికిని, బిడ్డకును క్షేమము కలుగవలెనని వేడుకొన్నదని ఆ కథ చెప్పును. అందుచేత ఆమె గర్భిణీస్త్రీలకు రక్షకురాలైనది. నొప్పులు పడుచున్న స్త్రీ ఒడలి మీద, మార్గరెట్ చరిత్ర వ్రాసిన సన్నని చర్మపత్రమును పరచెడివారు. ఆ కాలమున పురుటింట ప్రాణము పోవుట ఎంత సామాన్యమో తలచిన, ఆ తోలుముక్క మీద బిగుసుకొన్న చేతివేళ్ళు నాకు కన్నులయెదుట కనబడుచున్నవి. బిడ్డ దక్కినది, ఆడపిల్ల పుట్టినది, ఆమెకు మార్గరెట్ అని పేరు పెట్టిరి. లక్షల మంది మార్గరెట్ల పేరు ఇట్లు పుట్టినది.

రాజవంశములును ఈ పేరును గౌరవించినవి. హంగరీలో పుట్టి స్కాట్లండు రాజు మూడవ మాల్కమునకు రాణియై, దీనులకు అన్నము పెట్టి, 1093లో మరణించి, 1250లో పునీతగా ప్రకటింపబడిన మార్గరెట్ వలన ఆ దేశమున ఇది ఇంటింటి పేరైనది. 1397లో డెన్మార్కు, నార్వే, స్వీడను రాజ్యములను ఏకము చేసినదియు ఒక మార్గరెట్టే. వీనిని త్వరగా దాటిపోవుదును. పదునాలుగవ శతాబ్దపు ఆంగ్లకావ్యము 'పెర్ల్' కడ మాత్రము క్షణము నిలువక తప్పదు. కర్త పేరు తెలియని ఆ కావ్యమున ఒకడు తోటలో జారి మట్టిలో పోయిన తన ముత్యమునకై విలపించును. ఆ ముత్యము రెండేండ్లు నిండక మునుపే పోయిన అతని కూతురని పండితులలో బహుళముగ అంగీకృతము; ఆ శిశువు పేరు మార్గరెట్ లేక మార్జొరీ యై యుండునని ఊహించినవారును కలరు. హెరాక్లీసు కూతురికి ముత్యములు తెచ్చినాడు. ఈ తండ్రి కూతురినే ముత్యమన్నాడు.

ఇప్పుడు మన గ్రామములకు రండు. తెలుగునాట ముత్యాలమ్మ గుడి లేని ప్రాంతము అరుదు. పొలిమేరలో వేపచెట్టు నీడను, ఒక్కొక్కచోట గోడయైన లేక, పసుపు పూసి కుంకుమ దిద్దిన రాతిరూపమున ఆ తల్లి కొలువైయుండును. మశూచి పసిబిడ్డలను తుడిచిపెట్టుచున్న కాలమున, ఆ వ్యాధిని వ్యాధి యనుటకు మనవారికి నోరు రాలేదు. 'అమ్మవారు పోసినది' అనిరి. ఒడలంతయు లేచిన పొక్కులను ముత్యములుగ భావించి, ఆ ముత్యములు పోసిన తల్లిని ముత్యాలమ్మ యని పిలిచిరి. గుమ్మమునకు వేపమండలు కట్టి, తాలింపు మాని, బిడ్డ ప్రక్కను మెలకువగ కూర్చున్న తల్లి రాత్రియంతయు జపించిన పేరు అది. అమ్మవారు చల్లగ చూచి దిగిపోయినచో, తరువాత పుట్టిన ఆడబిడ్డకు ముత్యాలమ్మ యనియు, మగబిడ్డకు ముత్యాలు, ముత్యాలప్ప, ముత్యాలయ్య యనియు పేరు పెట్టి మ్రొక్కు తీర్చుకొనిరి. 1975 తరువాత ఈ దేశమున మశూచి లేదు. పేరు మాత్రము నిలిచియున్నది.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని సభవారికి నా మనవి. ఒకరినొకరు ఎన్నడును ఎరుగని రెండు సమాజములలో, ఒకచోట పురుటి మంచము మీద, మరియొకచోట మశూచి పక్క మీద, ప్రాణభయము ముంచుకొనివచ్చిన వేళ స్త్రీలు ముత్యమును పేరుగా గల తల్లినే పిలిచిరి. బ్రతికిన బిడ్డలకు ఆ పేరే పెట్టిరి. రత్నములలో అతిమూల్యమైనది వజ్రము, కాంతిగలది మాణిక్యము. అయినను ఇరుదేశముల స్త్రీలును ఆపదలో ముత్యమును ఆశ్రయించుటకు కారణమేమని నేను చాలకాలము ఆలోచించితిని. రత్నములలో ప్రాణిగర్భమున పుట్టునవి అరుదు. వజ్రమును గనినుండి త్రవ్వుదురు, సానబట్టుదురు. ముత్యము జీవి యొక్క మృదుమాంసమున, లోపల చొరబడిన బాధాకరమైన పదార్థము చుట్టును పొర పొరగా పెరిగి, సంపూర్ణమై వెలువడును. మానవహస్తము దానిని చెక్కవలసిన పనిలేదు. గర్భమును ధరించి, నొప్పిని భరించు స్త్రీకి ఇది తన కథగా తోచియుండును. పురుషులు ముత్యమునకు వెల కట్టిరి, స్త్రీలు దానిని తోడుగ పిలుచుకొనిరి అని నా విశ్వాసము.

ఇట్టి నేపథ్యముతో చూచిన, మన జిల్లా పల్లెలలో మార్గరెట్ అను పేరు గల వృద్ధస్త్రీలను 'పరదేశపు పేరు పెట్టుకొన్నవారు' అని చిన్నచూపు చూచుట ఎంత అన్యాయమో తెలియగలదు. లండను మిషనువారు 1810లో బళ్ళారి చేరిరి. 1882లో అనంతపురము ప్రత్యేకజిల్లా యగువరకు మన గుత్తి తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. ఆ మిషను కృషి గుత్తి ప్రాంతమునకు విస్తరించి, ఊరి వెలుపల ఉంచబడిన వాడలలో బడులు, ప్రార్థనామందిరములు వెలసినవి. అచ్చట మేరమ్మ, రూతమ్మ, ఎస్తేరమ్మ, సారమ్మ, మార్గరెట్టమ్మ మున్నగు పేర్లు పుట్టినవి. వెనుక పుట్టిన బిడ్డలు పోవుచుండగా దిష్టి తగులకుండుటకు పెంటమ్మ, పుల్లమ్మ యని పేర్లు పెట్టుట మన సమాజమున అన్ని కులములలోను ఉండెను. కాని ఊరిలోని ఇండ్లలో ఆ పేరునకు అమ్మ, అక్క అను గౌరవము తోడయ్యెడిది, వాడలోని స్త్రీకి దానిని కత్తిరించి, 'ఓసీ' యని చేర్చి పిలిచెడివారు. జ్ఞానస్నానము పొందిన నాడు ఆ తల్లి తన బిడ్డకు ఒక రాణి పేరు, ఒక పునీత పేరు, ఎవ్వరును తుంచి పిలువ వీలులేని పేరు కోరుకొన్నది. చివర 'అమ్మ'ను చేర్చి దానిని తెలుగు చేసికొన్నదియు ఆమెయే. తెలుగు వేదగ్రంథమున పరలోకరాజ్యమును అమూల్యమైన ఒక్క ముత్యముతో పోల్చిన ఉపమానమును ఆదివారమున విన్న ఆమెకు, మార్గరెట్ అనగా ముత్యమని ఒక ఉపదేశియైన చెప్పియుండినచో, పొలిమేరలోని ముత్యాలమ్మయు, తన కూతురును ఒకే పేరువారని ఆమె గ్రహించియే యుండును. సంస్కృతనామములను మనము పెట్టుకొన్నప్పుడు అది సంస్కారమనియు, హీబ్రూ గ్రీకు నామములను ఒక దళితస్త్రీ పెట్టుకొన్నప్పుడు అది పరానుకరణమనియు అనుట న్యాయము కాదని, ఈ వేదికనుండి నిస్సంకోచముగ చెప్పదలచితిని.

పేరును మోసినవారి చరిత్ర చెప్పక పేరు చరిత్ర పూర్తి కాదు. భారతదేశమునకు తమ జీవితమును సమర్పించిన ఇరువురు మార్గరెట్లు ఐర్లండునుండియే వచ్చిరి. 1867లో జన్మించిన మార్గరెట్ నోబుల్‌నకు 1898 మార్చి 25న స్వామి వివేకానందులు నివేదిత యను పేరిచ్చిరి. ఆమెను గూర్చి మీరెరుగనిది నేను చెప్పగలిగినది లేదు. రెండవ ఆమె మన సీమకు వచ్చినది, మన సీమవారే ఆమెను మరచిరి. 1878లో బాయిల్ అను చిన్న పట్టణమున పుట్టిన మార్గరెట్ గిలెస్పీ సంగీతశాస్త్రమున పట్టభద్రురాలై, జేమ్సు కజిన్సును వివాహమాడి, 1908లో ఐర్లండు స్త్రీల ఓటుహక్కు సంఘమును స్థాపించినవారిలో ఒకరై, ఆ ఉద్యమముననే చెఱసాలకు వెళ్ళినది. 1915లో దంపతులు భారతదేశమునకు వచ్చిరి. అనిబిసెంటమ్మ స్థాపించిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కజిన్సు అధ్యాపకుడైనాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలకు విచ్చేసి విశ్రమించినప్పుడు, ఒక సాయంకాలపు గోష్ఠియందు ఆయన 'జనగణమన' పాడగా విద్యార్థులు గొంతు కలిపిరి. ఆ స్వరములను కాగితము మీద నిలిపినది ఈ మార్గరెట్టే. ఫిబ్రవరి 28న కవి స్వహస్తముతో దాని ఆంగ్లానువాదమును అచ్చటనే వ్రాసినాడు. నేడు ప్రతి పాఠశాలలో పిల్లలు నిలువబడి పాడు బాణీ రాయలసీమలో ఒక సంగీతజ్ఞురాలి చేత స్వరబద్ధమైనదని ఎంతమందికి తెలియును?

ఆమె కృషిలో పాట ఒక భాగము మాత్రమే. 1917లో అడయారునందు స్త్రీల భారతీయ సంఘమును నెలకొల్పుటలో ఆమె ముఖ్యురాలు. అదే సంవత్సరము డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వమున మద్రాసులో, భారతవ్యవహారముల బ్రిటిషు మంత్రి మాంటేగును కలసి స్త్రీలకును ఓటుహక్కు కావలెనని కోరిన ప్రతినిధివర్గమునకు వెనుక నిలిచినది ఆమెయే. 1921లో మద్రాసు శాసనమండలి ఆ హక్కును అంగీకరించినది. అనంతపురము మద్రాసు రాజధానిలోనిది గనుక, నియమితమైన ఆస్తి గల ఈ జిల్లా స్త్రీలకును ఆనాడే ఓటు దక్కినది. 1922లో ఆమె గౌరవ మేజిస్ట్రేటుగ నియమింపబడినది. ఆ పదవి నధిష్ఠించిన తొలి స్త్రీ ఈ దేశమున ఆమెయే. 1927 జనవరిలో పూనాయందు సమావేశమైన అఖిలభారత మహిళాసభకు మూలపురుషుడని చెప్పదగినవారెవరైన ఉన్నచో, ఆ పురుషశబ్దమును సవరించి మార్గరెట్ పేరు వ్రాయవలసియుండును. 1932లో ప్రభుత్వపు ఆర్డినెన్సులను బహిరంగముగ ఖండించినందులకు ఒక సంవత్సరము శిక్షపడి వేలూరు చెఱసాలలో గడిపినది. జన్మదేశమున ఒక ప్రభుత్వమునకు, ఆశ్రయించిన దేశమున అదే ప్రభుత్వమునకు ఎదురునిలిచి, 1954లో ఈ దేశముననే కన్నుమూసినది.

ఆమె ప్రోత్సాహముననే శాసనసభకు పోయిన మరియొకరి పేరును గమనింపుడు. పుదుక్కోటలో 1886లో జన్మించి, 1912లో మద్రాసున వైద్యపట్టము పొంది, డాక్టరు సుందరరెడ్డిగారిని పెండ్లాడిన ముత్తులక్ష్మీరెడ్డిగారు స్త్రీల భారతీయ సంఘము ప్రతిపాదనచే నియమితురాలై, 1927లో మద్రాసు శాసనమండలిలో తొలి మహిళాసభ్యురాలైరి. సభ ఆమెను ఉపాధ్యక్షురాలిగ ఎన్నుకొన్నది. ముత్తు అనగా ముత్యమని ఇదివరకే చెప్పితిని. ఒకరి పేరు గ్రీకున, ఒకరి పేరు తమిళమున, ఇరువురును ముత్యములే. ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవాలయములకు బాలికలను అర్పించు ఆచారమును రూపుమాపుటకు సభలో ఆరంభించిన పోరాటము మద్రాసు ప్రభుత్వపు 1947 నాటి దేవదాసీ నిరోధకశాసనముగ ఫలించినది. బళ్ళారి, అనంతపురము, కర్నూలు జిల్లాల పల్లెలలో కూతుండ్రను బసివిగ విడుచు దురాచారమెట్టిదో ఈ సభలోని పెద్దలకు నేను వర్ణింప పనిలేదు. బసివిగ విడిచిన బాలికకు పెండ్లి లేదు, తండ్రి యింటి పేరు తప్ప ఇంటి పేరు లేదు. ఆమె బిడ్డలకు తండ్రి పేరు వ్రాయు గడి బడి పుస్తకములో ఖాళీగ ఉండెడిది. శాసనము వచ్చినంతమాత్రమున ఆచారము పోలేదు. దశాబ్దముల తరువాత కూడ అధికారులు, స్త్రీసంఘములవారు పల్లెపల్లెకు తిరిగి పోరాడవలసివచ్చినది.

విద్యార్థులకొక పనిని అప్పగించి విరమింతును. గుత్తి, ఉరవకొండ, వజ్రకరూరు ప్రాంతముల ప్రార్థనామందిరములందు పాత జ్ఞానస్నానపు పుస్తకములు కొన్ని చెదలు పట్టక ఇంకను మిగిలియున్నవి. ఒక్కొక్క పంక్తిలో తల్లి పాతపేరు, బిడ్డ కొత్తపేరు, పల్లె పేరు, తేదీ యుండును. మఱియు మన నేతపేటలలోను, వాడలలోను, ముత్యాలమ్మలు, మార్గరెట్టమ్మలు ఎనుబది, తొంబది యేండ్లవారు జీవించియున్నారు. వచ్చు వేసవి సెలవులలో ఈ పుస్తకములను పెద్దల అనుమతితో నకలు వ్రాసికొని, ఆ తల్లుల కడ కూర్చుండి, తమ పేరును ఎవరు పెట్టిరో, ఏ ఆపద గడచిన పిదప పెట్టిరో అడిగి, వారి మాటలలోనే వ్రాసిపెట్టుడు. అచ్చు వేయించు భారమును నేనును, అయ్యవారి శిష్యులు మరికొందరును వహింతుము.